ఆపే హక్కు లేని ‘ఎంపిక’

గర్భనిరోధక పద్ధతుల గురించి తెలుగులో వచ్చిన రాతల్లో ఒక మాట పదేపదే కనిపిస్తుంది. అది ‘ఎంపిక’. బుట్టలో ఇన్ని రకాలున్నాయి, నచ్చింది తీసుకొమ్మంటుంది సర్కారు కరపత్రం. నా శరీరం మీద నిర్ణయం నాదంటుంది స్త్రీవాద రచన. మూడు నెలలకొక సూదితో బెంగ తీరుతుందంటుంది మందుల కంపెనీ. ముగ్గురి ఉద్దేశాలు వేరు. ముగ్గురి రాతల్లోనూ కనిపించే స్త్రీ మాత్రం ఒక్కతే. ఆమెకు కులం లేదు, కూలి లేదు. దవాఖానకు పోయొస్తే ఒక పూట కూలి పోతుందన్న లెక్క లేదు. డాక్టరును ఎదురు అడిగితే ఏమంటారోనన్న జంకు లేదు. ఆమెను కాసేపు పక్కనబెట్టి, వర్ధన్నపేట, పరకాల, నర్సంపేట వైపు చేన్లలో పత్తి ఏరే, మిరప తెంపే మాదిగ, మాల స్త్రీ వైపు నుంచి ఈ రాతల్ని చదివితే ఏం తేలుతుంది? మా ప్రశ్న అదే.

ఇక్కడ మేం ప్రొజెస్టిన్ ఒక్కటే వుండే పద్ధతులకే పరిమితమవుతున్నాం. మన దేశంలో గర్భనిరోధకాల మీద జరిగిన పెద్ద పోరాటాలు ఎక్కువగా వీటి మీదే నడిచాయి. కొత్తగా సర్కారు దవాఖానలకు వస్తున్నవీ ఇవే. వీటి గురించి మన సంఘాల్లో చర్చ జరిగింది మాత్రం చాలా తక్కువ.

మందు ఒకటే, పగ్గం వేరు

ఆడవాళ్ల ఒంట్లో సహజంగా వుండే ప్రొజెస్టిరాన్‌ను పోలిన కృత్రిమ హార్మోనే ప్రొజెస్టిన్. ఈస్ట్రోజెన్ కలవదు కాబట్టి, ఈస్ట్రోజెన్ పడని చాలామందికి ఇది పనికొస్తుంది. పిల్లకు పాలిచ్చే తల్లికీ పనికొస్తుంది. సర్కారు ఉచితంగా పంచే మాలా-ఎన్ ఈ కోవలోకి రాదు, అందులో ఈస్ట్రోజెన్ కూడా వుంది. ఛాయ గోలీదీ ఈ కోవ కాదు, అది అసలు హార్మోనే కాదు. పేర్లు ఎరిగినవాళ్లు కూడా ఈ తేడా దగ్గర పొరపడుతుంటారు కాబట్టి ముందే చెప్తున్నాం.

ప్రొజెస్టిన్ ఒంట్లోకి చేరే దారులు నాలుగు. మొదటిది రోజూ వేసుకునే మినీపిల్. పాతరకం గోలీ మూడు గంటలు ఆలస్యమైతే రక్షణ తగ్గుతుంది. డెసోజెస్ట్రెల్ గోలీకి పన్నెండు గంటల వెసులుబాటు వుంది. రెండోది సూది. డీఎంపీఏ, అంటే డెపో ప్రొవెరా, 150 మిల్లీగ్రాములు మూడు నెలలకోసారి. నెట్-ఎన్ 200 మిల్లీగ్రాములు రెండు నెలలకోసారి. మూడోది మోచేతి పైన చర్మం కింద పెట్టే కడ్డీ, ఇంప్లాంట్ అంటారు. పాత నార్‌ప్లాంట్‌లో ఆరు కడ్డీలు, ఇప్పటి ఇంప్లానాన్‌లో ఒక్కటే. నాలుగోది గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్.

సరిగ్గా వాడితే నాలుగూ బాగానే పనిచేస్తాయి. కరపత్రాలు వీటిని పోల్చేది ఎంత శాతం పనిచేస్తుంది, ఎన్నేండ్లు పనిచేస్తుంది అన్న లెక్కన. మేం ఇంకో లెక్క అడుగుతున్నాం. ఒంటికి పడకపోతే ఆపే పగ్గం ఎవరి చేతిలో వుంది? గోలీ అయితే ఆమె చేతిలోనే. ఈ రాత్రి మానేస్తే రేపటికల్లా మందు దిగిపోవడం మొదలవుతుంది. సూది అయితే ఎవరి చేతిలోనూ లేదు. ఒకసారి ఎక్కించాక డాక్టరు కూడా వెనక్కి తీయలేడు, గడువు తీరేదాకా భరించాల్సిందే. డెపో ఆపాక మళ్లీ గర్భం నిలవడానికి చాలామందికి ఏడు నుంచి పది నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. కడ్డీ, లూప్ అయితే పగ్గం తీయడం వచ్చినవాళ్ల చేతిలో వుంది. వాళ్లు ఆ రోజు దవాఖానలో వుండాలి, తీయడానికి ఒప్పుకోవాలి.

ఇక ఆపరేషన్‌కు పగ్గమే లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాళ్లే. పాతికేండ్లు నిండకముందే ఆపరేషన్ అయిపోయిన ఆడవాళ్లు మా వాడల్లో వింత కాదు. బుట్టలో రకాలు ఎన్ని రాసినా, మన దగ్గర ఇన్నాళ్లూ బుట్టలో వున్నది ఒక్కటే.

1985 రెండు చరిత్రలు

1985 అనగానే దళిత ఉద్యమానికి గుర్తొచ్చేది కారంచేడు. మంచినీళ్ల చెరువు దగ్గర మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు తిరగడం, జులై 17న జరిగిన మారణకాండ, దళిత మహాసభ పుట్టుక. అదే 1985 తెలుగునేల స్త్రీల ఉద్యమానికి పటాన్‌చెరు. భారత వైద్య పరిశోధన మండలి నెట్-ఎన్ సూదిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా పరీక్షిస్తున్న కాలమది. అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరులో సూదుల క్యాంపు జరుగుతోందని తెలిసి హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు వెళ్లి చూశారు. వచ్చిన స్త్రీలకు అది గర్భం రాకుండా వేసే సూది అని మాత్రమే తెలుసు. తమ మీద జరుగుతున్నది పరీక్ష అని తెలియదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ తదితర సంఘాలు సుప్రీంకోర్టుకెక్కాయి. కేసు 2000 దాకా సాగింది. కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో నెట్-ఎన్‌ను మూకుమ్మడిగా వాడబోమని ప్రభుత్వం చెప్పాకే అది ముగిసింది.

ఆ స్త్రీలు చేసింది పెద్ద పని. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. అయితే మేం చదివినంతలో కారంచేడు, పటాన్‌చెరు ఒకే పేజీలో ఎక్కడా కనిపించవు. దళిత చరిత్రలో పటాన్‌చెరు లేదు. స్త్రీల ఆరోగ్య చరిత్రలో పటాన్‌చెరు వుంది గానీ, ఆరోగ్య కేంద్రం ముందు వరుసలో నిలబడే ఆడవాళ్లు ఏ కులాలవాళ్లన్న ప్రశ్న లేదు. పరీక్షకు పేదరాలే ఎందుకు దొరుకుతుందో రాశారు. ఎదురడగదన్న ధీమా ఎదుటివాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందో రాయలేదు. చెరువు దగ్గర నోరెత్తిన ఆడమనిషిని కొట్టడానికి చెయ్యెత్తించిన ధీమా, దవాఖానలో చెప్పకుండా సూది వేయించిన ధీమా రెండూ ఒకటేనని మేం అనడం లేదు. రెండింటికీ వేరు ఒకచోటే వుందంటున్నాం: ఈమెకు చెప్పాల్సిన పని లేదు అన్న నమ్మకంలో.

ఈ నమ్మకం 1985తో పోలేదు. 2009లో మన పక్కనున్న ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. వాళ్లలో గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు అనుమతి పత్రాల మీద సంతకాలు చేశారని తర్వాత బయటపడింది. 2010లో కార్యక్రమం ఆగిపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుబట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. మంచిదైనా సరే, వార్డెన్ సంతకం తల్లి సంతకం కాదు.

కరపత్రం ఆగిపోయే చోటు

డెపో కథ ఇంకో దారిలో నడిచింది. 1993లో దేశంలో అమ్మకానికి అనుమతి వచ్చింది. 1994లో మహిళా సంఘాలు కోర్టుకు వెళ్లాయి. 1995లో ఔషధాల సాంకేతిక సలహా మండలి దీన్ని జాతీయ కార్యక్రమంలో పెట్టొద్దంది. ఇరవై ఏండ్ల తర్వాత, 2015లో, ఆ తలుపు తెరుచుకుంది. 2017లో ‘అంతర’ పేరుతో డెపో సర్కారు దవాఖానల్లోకి ఉచితంగా వచ్చింది.

ఈ మధ్యకాలంలో తెలిసినదేమిటో నిజాయితీగా చూడాలి. పాత భయాలన్నీ నిజం కాలేదు. ఆఫ్రికా దేశాల్లో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. సూది, కాపర్ లూప్, కడ్డీ వాడినవాళ్ల మధ్య హెచ్ఐవి సోకడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. కొన్ని భయాలు నిలిచాయి. ఎముకల సాంద్రత తగ్గుతుందని 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక పెట్టించింది. సూది మానేశాక చాలావరకు అది తిరిగి వస్తుంది. ఏడాదికి మించి డెపో వాడినవాళ్లలో మెదడు పొరల్లో మెనింజియోమా అనే గడ్డ వచ్చే అవకాశం పెరుగుతుందని 2024లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. అది అరుదైన జబ్బే. అరుదైనదని చెప్తూనే చెప్పాలి. అరుదు కాబట్టి చెప్పనక్కర్లేదు అనకూడదు.

కానీ మా వాడల్లో అసలు కథ ఈ అరుదైనవాటితో కాదు, కరపత్రం ఒక్క ముక్కలో దాటేసే సంగతితో మొదలవుతుంది. ‘నెలసరిలో మార్పులు రావచ్చు, భయపడవద్దు.’ ఇంతే రాసి వుంటుంది. సూది వేసుకున్న మొదటి నెలల్లో చాలామందికి రోజుల తరబడి కొద్దికొద్దిగా బట్ట అవుతుంది. ఏడాది నిండేసరికి దాదాపు సగంమందికి ముట్టు పూర్తిగా ఆగిపోతుంది. వైద్యం లెక్కలో ఇది ప్రమాదం కాదు. సర్వే ప్రకారం తెలంగాణలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత వున్నప్పుడు, ముట్టు ఆగడం కొందరికి మేలు కూడా. డాక్టరు చెప్పింది అబద్ధం కాదు.

అయితే అదే మాట చేనులోకి వచ్చేసరికి ఏమవుతుందో చూడండి. మరుగుదొడ్డి లేని చేనులో ఇరవై రోజులు బట్ట మార్చుకోవడమంటే ఎట్లా? పనికి పోకుంటే కూలి పోతది. ముట్టు ఆగితే కడుపొచ్చిందేమోనని ఒక భయం, మొగని అనుమానం ఇంకొకటి. ‘చెడు రక్తం లోపలే నిలుస్తది’ అన్న మాట వాడంతా తిరుగుతుంది. ఆరోగ్య కేంద్రానికి పోతే సూది వేసిన నర్సమ్మ ఆ రోజు వుండకపోవచ్చు. దగ్గర్లో ఎప్పుడూ వుండేది ఆర్ఎంపీ. ఆయన రక్తం ఆగే గోలీలిస్తాడు, తర్వాత హన్మకొండలోనో వరంగల్‌లోనో నర్సింగ్ హోముకు రాసిస్తాడు. అక్కడ స్కానింగ్. స్కానింగ్ తర్వాత, ‘పిల్లలున్నరు కదా, సంచి తీసేస్తే బాధ పోతది’ అనే మాట.

ఇది కట్టుకథ కాదు. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో ఎక్కువగా వున్నది తెలుగు రాష్ట్రాల్లోనే. 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం గర్భసంచి తీయించుకున్నవాళ్లు. ఆ ఆపరేషన్లకు సూది కారణమని మేం అనడం లేదు. సూది ఇక్కడికి వచ్చింది ఈ ఆపరేషన్ల తర్వాతే. మేం అంటున్నది, బట్ట ఎక్కువైతే సంచి తీసేసే అలవాటు పాతుకుపోయిన చోట, బట్టను మార్చే మందును ‘భయపడవద్దు’ అన్న ఒక్క మాటతో ఇవ్వకూడదని. కరపత్రం ఆ మాట దగ్గర ఆగిపోతుంది. ఆమె బతుకు అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇక్కడ ఒక వైరుధ్యం వుంది. హార్మోన్ లూప్ రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తుంది. విపరీతంగా రక్తం పోయే ఎంతోమందికి గర్భసంచి తీయకుండా అదే వైద్యం. అంటే ప్రొజెస్టిన్ పద్ధతుల్లో మా వాడల స్త్రీకి ఎక్కువగా అక్కరకొచ్చేది అదే కావొచ్చు. బయట దాని ధర వేల రూపాయలు. కొనగలిగిన కులాలకు లూప్, కొనలేని కులాలకు కత్తి. ‘ఎంపిక’ అన్న మాట ఈ చోట ఏమని నిలబడుతుంది?

నల్లజాతి స్త్రీలు చెప్పింది

మన ఉద్యమం నల్లజాతి ఉద్యమం నుంచి చాలా నేర్చుకుంది. ఈ విషయంలోనూ నేర్చుకోవాల్సింది వుంది. అట్లాంటాలోని గ్రేడీ దవాఖానలో 1960ల చివరి నుంచి 1978 దాకా సుమారు 11 వేలమంది మీద డెపో పరీక్షించారు. వాళ్లలో ఎక్కువమంది పేద నల్లజాతి స్త్రీలు. 1990 డిసెంబర్‌లో నార్‌ప్లాంట్‌కు అమెరికాలో అనుమతి దొరికిన కొద్దిరోజులకే ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక, నల్లవాళ్ల పేదరికం తగ్గించడానికి ఈ కడ్డీలు పనికొస్తాయన్న ధోరణిలో సంపాదకీయం రాసింది. గొడవయ్యాక క్షమాపణ చెప్పుకుంది. మన పొరుగున బంగ్లాదేశ్‌లో కడ్డీలు తీయమని వచ్చిన స్త్రీలను తిప్పి పంపిన సంగతులను అక్కడి ఉబినీగ్ సంస్థ నమోదు చేసింది.

దీన్నుంచి నేర్చుకోవాల్సింది మందు విషమని కాదు. నల్లజాతి స్త్రీలు రెండు మాటలు కలిపి చెప్పారు: మాకు గర్భనిరోధం కావాలి, మా జాతిని తగ్గించే పథకం వద్దు. మొదటి మాట వదిలేస్తే ఆడదాన్ని ఇంటికి కట్టేసినట్టు. రెండో మాట వదిలేస్తే సర్కారుకు అప్పగించినట్టు.

మన ఇంటి సంగతి

ఈ రెండు మాటలూ మనకు కొత్తవి కావు. 1938 నవంబర్ 10న బొంబాయి శాసనసభలో పి.జె. రోహం సంతాన నియంత్రణ మీద తీర్మానం పెట్టారు. ఆ ప్రసంగం తయారుచేసింది అంబేడ్కర్. సభ తీర్మానాన్ని తోసిపుచ్చింది. అందులో పేదరికం, జనాభా వాదనలు కూడా వున్నాయి, వాటిని ఇవ్వాళ మనం విమర్శగానే చదవాలి. దాంతో పాటే, కారణం ఏదైనా సరే, బిడ్డను కనాలా వద్దా అన్నది పూర్తిగా స్త్రీ ఇష్టం మీద వుండాలన్న వాదన కూడా వుంది. అంబేడ్కర్ జయంతి సభల్లో రాజ్యాంగం గురించి వింటాం, రిజర్వేషన్ల గురించి వింటాం. ఈ తీర్మానం గురించి ఎన్నిసార్లు విన్నాం?

ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. ఎక్కువ భాగం మగవాళ్లకు. మగవాళ్ల మీద పడినప్పుడు ప్రభుత్వమే కూలింది. ఆ తర్వాత భారమంతా ఆడవాళ్ల మీదికి మళ్లింది, ఏ ప్రభుత్వమూ కూలలేదు. 2014లో బిలాస్‌పూర్ క్యాంపు ఆపరేషన్ల తర్వాత 13 మంది స్త్రీలు చనిపోయారు. క్యాంపులు మూడేండ్లలో ఎత్తేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. వీటి మీద మన సంఘాల పోరాటం ఏపాటిది? సభలో ‘దళిత స్త్రీ’ అని పలికే నోరు, ఇంట్లో వేసెక్టమీ మాటెత్తితే ఎందుకు మూతపడుతుంది?

స్త్రీవాదులతోనూ మాకు పేచీ వుంది. సూది పూర్తిగా వద్దన్న వాదన 1980లలో సబబే. పరీక్ష అని చెప్పకుండా వేస్తున్నప్పుడు ఆపడం తప్ప ఇంకేం చేస్తారు? ఇవ్వాళ అదే మాట అట్లాగే చెప్తే సరిపోదు. మొగడు ఒప్పుకోడు, గోలీల అట్ట దాచుకునే చోటు ఒంటిగది ఇంట్లో లేదు. అలాంటి ఆడమనిషికి ఎవరికీ కనపడనిది సూదే. ఆమె చేతిలోంచి దాన్ని లాక్కునే హక్కు సర్కారుకు లేనట్టే మనకూ లేదు. స్త్రీ శక్తి సంఘటన కూర్చిన ‘సవాలక్ష సందేహాలు’ లాంటి పుస్తకం ఆడవాళ్ల ఒంటి గురించి తెలుగులో మాట్లాడే ధైర్యం ఇచ్చింది. ఇంకో పుస్తకం బాకీ వుంది. చదువురాని కూలిస్త్రీ అడిగే ప్రశ్నలతో మొదలయ్యేది.

ఏం అడగాలి

సర్కారు మాట కూడా మారుతోంది. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్నారు. 1997లో జనాభా విధానం తెచ్చి ఆపరేషన్ల లెక్కలు పెంచారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ అనర్హతను ఎత్తేసింది, ఇంకా కనమని ముఖ్యమంత్రే చెప్పారు. నిన్న చాలన్నా, నేడు కనమన్నా, ఆమెను అడిగినవాళ్లు లేరు. కాబట్టి సర్కారు గాలి ఎటు వీచినా చెదరని కొలత మనకు కావాలి. మేం ప్రతిపాదిస్తున్నది ఆపే హక్కును. ఎంచుకునే హక్కును దాని తర్వాతే కొలవాలి.

కార్యకర్తలు, టీచర్లు, విద్యార్థులు ఏ పద్ధతి గురించైనా ఈ ప్రశ్నలు అడగాలి, అడిగించాలి. వద్దనుకుంటే ఎవరు ఆపగలరు, ఎన్నాళ్లకు? ఆపాక బిడ్డ కావాలంటే ఎన్నాళ్లు పడుతుంది? బట్ట ఎక్కువైతే ఏ రోజు, ఎవరి దగ్గరికి పోవాలి, ఆ రోజు కూలి ఎవరిస్తారు? ఇప్పుడు వాడుతున్న మందులేమిటి? ఈ చివరిది చిన్న ప్రశ్న కాదు. టీబీకి వాడే రిఫాంపిసిన్ గోలీల, కడ్డీల శక్తిని తగ్గిస్తుంది. డెపో సూది శక్తి మాత్రం తగ్గదు. టీబీ ఎక్కువగా కనిపించేది మన వాడల్లోనే. ఎన్నడూ పరీక్షించని రక్తస్రావం వుంటే, రొమ్ము క్యాన్సర్ వచ్చివుంటే సూది వేయకూడదు. పాలిచ్చే తల్లికి కాన్పైన ఆరు వారాల దాకా ఆగాలి. ఇవేవీ అడగకుండా వేసిన సూది, పేరుకు ఆమె ఒప్పుకున్నా, ఒప్పుకోలు కాదు. ఈ నాలుగు పద్ధతుల్లో ఏదీ హెచ్ఐవిని ఆపదు, దానికి నిరోధే వాడాలి. ఆ మాట మగవాళ్లకు చెప్పాలి.

2023 నుంచి కొన్ని రాష్ట్రాల్లో ఎంపిక చేసిన జిల్లాల్లో చేతి కడ్డీలను సర్కారు దవాఖానల్లో పెట్టడం మొదలైంది. అవి మన ఆరోగ్య కేంద్రాలకూ చేరతాయనే అనుకోవాలి. చేరేలోపే వరంగల్, హన్మకొండ జిల్లాల్లోని ప్రతి మండలంలో ఒక పని చేయొచ్చు. ఆరోగ్య కేంద్రానికి పోయి, కడ్డీ పెట్టడం ఎవరికి నేర్పారని కాదు, తీయడం ఎవరికి నేర్పారని అడగాలి. తీయమని వచ్చిన స్త్రీని కారణం అడగకుండా అదే రోజు తీసి పంపుతామని తెలుగులో రాసి గోడకు పెట్టమనాలి. ఆ కాగితం గోడ మీదికి వచ్చాకే కడ్డీ గురించి మాట్లాడదాం.